మబ్బు దాటే అయిదు నిమిషాలు

పెద్దలకి నమస్కారం. నేను స్లయిడ్లు తేలేదు, ఒక వేరుశనగ ఆకు తెచ్చాను. పొద్దున కోసి నీళ్లలో పెట్టింది. పొద్దు వాలింది కాబట్టి నాలుగు రెక్కలూ ముడుచుకుని కూర్చుంది.

దీని మీద పడిన ఎండంతా కాయ కాదు. వేరుశనగ, వరి లాంటి సీ3 పంటలు (గాలిలోని కార్బన్‌ని మొదట మూడు కార్బన్ల పదార్థంగా పట్టేవి) ఎంత బాగా పనిచేసినా ఎండలోని శక్తిలో 4.6 శాతానికి మించి ఒంట పట్టించుకోలేవని లెక్క. జొన్నలాంటి సీ4 పంటలకి (మొదట నాలుగు కార్బన్ల పదార్థంగా పట్టేవి) 6 శాతం. చేలో మామూలుగా అందులో సగం కూడా రాదు. రకాలు తయారుచేసే వాళ్ల ఆశంతా ఆ మిగిలిన సగం మీదే.

ఏ లైను ఆకు ఎండని బాగా వాడుకుంటోందో చేలో కొలవడం ఎట్లా? ఇవాళ్టి మాట అదే. ఆకు పట్టుకున్న వెలుగు మూడు కాలవల్లో పోతుంది. ఒకటి పంచదార తయారీకి. రెండోది వేడిగా బయటికి. మూడోది చిన్న పిల్లకాలువ, ఆకే తిరిగి వదిలే ఎర్రటి వెలుగు. మామూలు ఎండలో కంటికి కనబడదు. 1931లో జర్మనీలో కౌట్‌స్కీ అనే శాస్త్రవేత్త, చీకట్లో ఉంచిన ఆకు మీద వెలుగు వేస్తే ఈ ఎరుపు ముందు ఎగిసి తర్వాత తగ్గడం గమనించాడు. మన ఫ్లోరోమీటర్, అంటే ఆ ఎరుపుని కొలిచే క్లిప్పు యంత్రం, నడిచేది దాని మీదే. ఆకుని క్లిప్పులో పెట్టి గట్టి ఫ్లాష్ కొడితే మొదటి కాలువ ఆ క్షణానికి మూసుకుపోతుంది, పిల్లకాలువ పొంగుతుంది. ఎంత పొంగిందో చూసి, మొదటిదాంట్లో అప్పటిదాకా ఎంత పారుతోందో లెక్క కడతాం.

అరగంట చీకట్లో ఉంచిన ఆరోగ్యమైన ఆకుకి ఈ లెక్క, అంటే పట్టుకున్న వెలుగులో మొదటి కాలువకి పోగలిగే వంతు, 0.83 దగ్గర వస్తుంది, ఏ మొక్కకైనా దాదాపు అంతే. కొద్దిపాటి బెట్టకి అది కదలదు. అందుకే రకాల ఎంపికకి ఆ అంకె పెద్దగా పనికిరాదంటాను. ఎండలో ఉన్న ఆకునే కొలవాలి. తిప్పలన్నీ అక్కడే.

నా మొదటి ఏడాది సంగతి చెబుతా. 150 లైన్లు (కొత్త రకం కోసం పరీక్షించే వేరుశనగ వంశాలు), మూడు రెప్లికేషన్లు (ప్రతి లైనునీ మూడుసార్లు వేయడం), మొత్తం 450 ప్లాట్లు. ఆకు పీల్చే గాలిని కొలిచే పెద్ద యంత్రమైతే ప్లాటుకి అయిదు నిమిషాల చొప్పున 37 గంటలు దాటుతుంది. క్లిప్పు యంత్రానికి 20 సెకన్లు చాలు, రెండున్నర గంటల పనే అని సంబరపడ్డా. సాయంత్రం చూస్తే 'అద్భుతమైన' లైన్లన్నీ ఒకే పక్క. అవి పొద్దున్నే కొలిచినవి. నడుమ ఇంకో వరుస కూడా మెరిసింది, అప్పుడు మబ్బు అడ్డొచ్చింది. తక్కువ వెలుగులో ఏ ఆకైనా సమర్థంగానే కనిపిస్తుంది. రోజంతా నేను కొలిచింది మబ్బుని!

ఇప్పుడైతే ప్రధాన కాండం మీద పైనుంచి మూడో ఆకునే పట్టుకుంటాం. ప్రతి రీడింగ్‌తో పాటు ఆకు మీద వెలుగు, ఆకు వేడి, టైము ఎక్కిస్తాం. ఒక రెప్లికేషన్ పూర్తయ్యాకే రెండోదానికి వెళ్తాం. పది ప్లాట్లకోసారి పోలిక కోసం వేసిన కదిరి-6 అనే వేరుశనగ రకాన్ని కొలుస్తాం. దాని అంకె జారుతుంటే పొద్దెక్కుతోందని అర్థం. మన నీడ ఆకు మీద పడకూడదు. చెప్పడానికి సిల్లీగా ఉంటుంది గానీ, చేలో అందరూ మరిచిపోయేది ఇదే.

ఆ మబ్బు మీద కోపం మాత్రం తర్వాత పోయింది. ఆగస్టులో మన అనంతపురం ఆకాశం మీకు తెలుసు. మబ్బొస్తుంది, నీడ పడుతుంది, వాన రాదు. ఎండ ముదిరితే ఆకు తనని కాపాడుకోడానికి వేడి కాలువ తెరుస్తుంది. నీడ రాగానే మూయాలి, కానీ మూత పడడానికి నిమిషాలు పడుతుంది. అసలే వెలుగు తక్కువ, ఉన్నదీ వేడిగా పోతుంటుంది. 2016లో ఇలినాయ్ శాస్త్రవేత్తలు పొగాకులో మూడు జన్యువులతో ఈ మూత త్వరగా పడేలా చేస్తే చేలో మొక్క బరువు దాదాపు 15 శాతం పెరిగింది. 2022లో సోయాలో గింజ దిగుబడి 33 శాతం దాకా పెరిగిందని రాశారు. దిగుబడి విషయంలో నేను ఇంకొన్ని సీజన్లు చూశాకే చప్పట్లు కొడతా.

మనం జన్యువులు చొప్పించక్కర్లేదు. మన లైన్లలోనే త్వరగా మూసేవి ఉన్నాయేమో వెతుకుదాం. ఎండలో ఉన్న ఆకుకి గొడుగు అడ్డం పెట్టి, వెంటనే ఒకసారి, రెండు నిమిషాలకి, అయిదు నిమిషాలకి ఫ్లాష్ కొట్టండి.

పోయినేడాది మేం ఆ పనిలో ఉంటే గట్టు మీద ఒక పెద్దాయన ఆగాడు. "ఆకుకి దిష్టి తీస్తాండారా సామీ? నా చేన్లోనూ ఆకు ఏపుగానే ఉండాది. కిందికి చూస్తే ఊడలే ల్యావు" అన్నాడు. ఆకు చేసిన పంచదార ఊడకి, అంటే నేలలోకి దిగి కాయ కట్టే కాడకి, దిగకపోతే నా 450 రీడింగులూ దండగే. అందుకే అదే ప్లాటు కాయ తూకం పక్కన పెట్టకుండా ఏ లైనునీ మంచిదనకండి.

రేపు తొమ్మిదికి ప్లాట్ల దగ్గర కలుద్దాం. యంత్రం నేను తెస్తా, గొడుగులు మీవి. నల్లవే తేవాలి, పూల గొడుగులు వద్దు.