వెగాస్‌లో వంద డాలర్ల బడ్జెట్టా? వీడియో పోకర్ ముందు అది బడ్జెట్టే కాదు!

స్క్రోల్ చేసేయకండి, ఒక్క నిమిషం. లాంగ్ వీకెండ్ వస్తే చాలు, వెగాస్ వెళ్లే ప్రతి మన బ్యాచ్‌లోనూ ఒక పెద్దమనిషి తయారవుతాడు. "రోజుకి వంద డాలర్లు పక్కన పెడతా, అయిపోతే లేచొచ్చేస్తా, నాకు కంట్రోల్ ఉంది" అంటాడు. అది నాన్సెన్స్ అన్నానని నా మీద యుద్ధానికొచ్చారు కొందరు, బడ్జెట్ పెట్టుకుని ఆడితే తప్పేంటి బ్రో, సినిమాకి వెళ్తే మాత్రం ఖర్చవ్వదా అని.

తప్పేం లేదు బ్రో. అసలు మీరు బడ్జెట్టే పెట్టుకోలేదు అంటున్నా. జేబులో ఎంత పెట్టుకెళ్లారన్నది బడ్జెట్ కాదు. వీడియో పోకర్ మెషీన్ ఐదు ముక్కలు పంచుతుంది, నచ్చినవి ఉంచుకుని మిగతావి మార్చుకుంటాం, చివరికి పడిన కలయికని బట్టి డబ్బులిస్తుంది. దేనికెంతో చెప్పే చెల్లింపుల పట్టిక మెషీన్ మీదే ఉంటుంది కదా, అందులో ఫుల్ హౌస్ (ఒక అంకెవి మూడు, ఇంకో అంకెవి రెండు) పక్కన ఒక అంకె, ఫ్లష్ (ఐదూ ఒకే గుర్తు ముక్కలు) పక్కన ఒక అంకె. ఆ రెండు అంకెలే మీ బడ్జెట్. వాటిని చూడకుండా కూర్చున్నవాడు వంద తెచ్చినా వెయ్యి తెచ్చినా ఒకటే.

లెక్క చెప్తా, వినండి. జాక్స్ ఆర్ బెటర్, అంటే జాకీల జత నుంచి డబ్బులిచ్చే రకం, మామూలు పావలా మెషీన్. పావలా అంటే పావలానే, 25 సెంట్లు. ఐదు కాయిన్లు వేస్తే చేతికి, అంటే ఒక్కో ఆటకి, డాలరు పావలా. కాస్త అలవాటైనవాడు గంటకి 600 చేతులు ఆడేస్తాడు, బటన్ టకటకా కొట్టడమే కదా. 600 చేతులంటే గంటకి 750 డాలర్ల పందెం! మీరు తెచ్చింది వంద. మిగతాది ఎక్కణ్ణుంచి వచ్చింది? మీరు గెలిచిన చిల్లరే మళ్లీ మళ్లీ లోపలికి వెళ్లింది. కాసినోవాడు ప్లేయర్స్ కార్డులో రాసుకునేది ఆ 750నే, మీ వందని కాదు. మీకు ఫ్రీ రూమ్ ఇవ్వాలా వద్దా అన్నది కూడా దాన్నిబట్టే.

ఇప్పుడు ఆ రెండు అంకెలు. పట్టికలో ఒక్క కాయిన్ నిలువు వరుసలో ఫుల్ హౌస్‌కి 9, ఫ్లష్‌కి 6 ఉంటే దాన్ని నైన్ సిక్స్ అంటారు. తప్పులేకుండా ఆడితే 99.54 శాతం తిరిగొస్తుంది. అదే చోట 6, 5 ఉంటే? 95 శాతం. అంతేగా అనకండి. 750 మీద నైన్ సిక్స్‌లో పోయేది సగటున మూడున్నర డాలర్లు, సిక్స్ ఫైవ్‌లో ముప్పై ఏడున్నర. అదే కుర్చీ, అదే పావలా, అదే గంట. పది రెట్లకు పైగా తేడా! ఐదు కాయిన్ల వరుసలో చూస్తే ఫుల్ హౌస్‌కి 45 బదులు 30 కనిపిస్తుంది, ఫ్లష్‌కి 30 బదులు 25. రాయల్ (ఒకే గుర్తులో పది నుంచి ఆసు దాకా) దగ్గర మాత్రం రెండింట్లోనూ 4000 అని అదే పెద్ద అంకె మెరుస్తూ ఉంటుంది, మనవాడి కళ్లు దాన్ని దాటి కిందికి దిగవు.

ఆ రాయల్ సంగతీ చూద్దాం. దాదాపు 40,000 చేతులకి ఒకసారి వస్తుంది. గంటకి 600 చొప్పున అరవై ఆరు గంటలకి పైనే, నిద్ర లేకుండా. శుక్రవారం రాత్రి దిగి ఆదివారం ఫ్లైట్ ఎక్కేవాడికి అది దాదాపు లేనట్టే. ఆ 99.54లో రమారమి రెండు శాతం రాయల్ పుణ్యమే. కాబట్టి రాయల్ పడని ట్రిప్పులో మీ నైన్ సిక్స్ కూడా తొంభై ఏడున్నర కిందే లెక్క. ఇక సిక్స్ ఫైవ్ ఏమవుతుందో మీరే చూసుకోండి. అలాగని పొదుపు పేరుతో ఒక్క కాయిన్ వేస్తారు చూడండి, అది ఇంకో తెలివి! ఐదు వేస్తే కాయిన్‌కి 800 ఇచ్చే రాయల్, ఒకటి నుంచి నాలుగు దాకా ఎన్ని వేసినా కాయిన్‌కి 250 మాత్రమే ఇస్తుంది.

ఈ మెషీన్లని జనంలోకి తెచ్చినాయన సై రెడ్. రెడ్డి గారు కాదండోయ్, రెడ్. 1979లో డ్రా పోకర్ మెషీన్ దించాడు, ఆయన కంపెనీయే తర్వాత ఐజీటీ అనే పెద్ద కాసినో మెషీన్ల కంపెనీ అయింది. ఈ మెషీన్లలో నాకు నచ్చిన దొంగ తెలివి ఏంటంటే, జాకీల జత గానీ అంతకంటే పెద్ద జత గానీ పడితే పందెం మీకు తిరిగిచ్చేయడం. వేసింది డాలరు పావలా, వచ్చింది డాలరు పావలా, మ్యూజిక్ మాత్రం గెలిచినట్టు! ఐదు చేతుల్లో ఒకటి కంటే ఎక్కువ ఇలాంటివే. మీ డబ్బు మీకిచ్చి చప్పట్లు కొడుతుంటే, పక్కనున్న బాబాయ్ "మెషీన్ వేడెక్కిందిరా" అంటాడు. ఏం వేడి బాబాయ్? నెవాడా రూల్ ప్రకారం 52 ముక్కల పేకలో ఏ ముక్క ఎంత అవకాశంతో రావాలో మెషీన్‌లోనూ అంతే రావాలి. మన రమ్మీ అలవాటుకొద్దీ జత పక్కన ఆసు కూడా పట్టుకు కూర్చుంటారు. అలా పట్టుకున్న ప్రతిసారీ ఆ శాతం ఇంకా తగ్గుతుంది. ఏ ముక్కలు ఉంచుకోవాలో చెప్పే స్ట్రాటజీ కార్డు పక్కన పెట్టుకుని ఆడినా ఎవరూ ఏమీ అనరు, సిగ్గెందుకు?

ఫ్రీ బీర్ గురించి అడక్కండి. స్ట్రిప్‌లో, అంటే పెద్ద కాసినోలన్నీ ఉండే వెగాస్ మెయిన్ రోడ్డులో, చాలా బార్లలో మీరు సరిపడా ఆడారో లేదో బార్‌టెండర్‌కి లైట్ చూపిస్తుంది, అది వెలిగితేనే గ్లాసు. సిక్స్ ఫైవ్ ముందు కూర్చుని తాగే ఆ బీర్ నా దృష్టిలో అమెరికాలో అన్నిటికంటే ఖరీదైన బీర్.

మరి ఎలా ఆడాలంటారా? డాలర్లలో కాదు, చేతుల్లో లెక్కపెట్టుకోండి. ఈ సాయంత్రం 400 చేతులు అనుకోండి, అది 500 డాలర్ల పందెం, పట్టిక చూసి శాతం వేసుకుంటే సగటు ఖర్చు ముందే తెలుస్తుంది. సగటే సుమా, వెంటవెంటనే ముక్కలు తిరగబడి మీ వంద డాలర్లూ ఇరవై నిమిషాల్లో ఎగిరిపోవచ్చు కూడా. గంటకి 600 బదులు నిదానంగా 300 ఆడితే గంట ఖర్చు సగం అవుతుంది. మూడు చేతుల మెషీన్ ఎక్కితే ఒక్క నొక్కుకి మూడు డాలర్ల ముప్పావలా అని గుర్తుంచుకోండి. నాలుగు ఒకే రకం పడి 31 డాలర్లు వస్తే "ఇది కాసినోవాడి డబ్బు" అనకండి, మెషీన్ ఇచ్చే డబ్బుల టికెట్ తీసుకున్నాక అది మీదే.

ఇంకో మంట. 2026 నుంచి అమెరికా ట్యాక్స్ లెక్కలో, జూదంలో పోయిన దాంట్లో 90 శాతమే తగ్గింపుగా చూపించుకోనిస్తారు. పదివేలు గెలిచి పదివేలు పోగొట్టుకున్నవాడికి వెయ్యి మీద ట్యాక్స్, చేతిలో మిగిలింది సున్నా! విజిటర్ వీసా మీద వచ్చిన నాన్నగారిని సరదాకి డాలర్ మెషీన్ ముందు కూర్చోబెట్టి, ఆయనకి 4000 డాలర్ల రాయల్ పడిందనుకోండి, ట్యాక్స్ కింద 30 శాతం అంటే 1200 అక్కడికక్కడే కోసేస్తారు.

ఇండియా నుంచి చూస్తున్నవాళ్లు యాప్ లింకులు అడగొద్దు. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ గేమ్స్‌ని 2025 ఆగస్టులో కేంద్రం చట్టం తెచ్చి నిషేధించింది, తెలంగాణలో 2017 నుంచే బంద్. టెలిగ్రామ్‌లో దొరికే వీడియో పోకర్‌కి నెవాడా రూల్ వర్తించదు, అందులో ముక్కలు ఎలా పంచుతున్నాడో వాడికే తెలియాలి.

ఇప్పుడు వెగాస్‌లో ఉన్నవాళ్లకి ఒక పని. స్ట్రిప్ మీద పావలాకి నైన్ సిక్స్ దొరికితే పట్టిక ఫోటో తీసి కామెంట్లో పెట్టండి, కాసినో పేరుతో సహా. గెలిచిన స్క్రీన్‌షాట్లు మాత్రం పెట్టకండి, పిన్ చేయను.