ఆర్డరు ఏ దారిన రావాలి?

పెద్దలకు, మిత్రులకు నమస్కారం.

ఈ హాల్లో రొయ్యలు ఎగుమతి చేసేవాళ్లున్నారు, చీమకుర్తి గ్రానైట్ ఎగుమతి చేసేవాళ్లున్నారు. సరుకు వేరైనా అందరూ నన్ను అడిగింది ఒకటే: "బయ్యరు ఈడీఐ పెట్టుకోమంటున్నాడు, ఏ కనెక్షన్ తీసుకోవాలి?" ఈడీఐ అంటే ఆర్డర్లు, బిల్లులు లాంటివి కాగితం మీద కాకుండా ఒక కంప్యూటర్ నుంచి ఇంకో కంప్యూటర్‌కు ఫైళ్లుగా వెళ్లడం.

ముందు నాకు జరిగింది చెబుతాను. నెల్లూరు దగ్గర ఒక రొయ్యల ప్లాంటులో కంప్యూటర్ సెక్షన్ చూసేవాణ్ణి. బయ్యరు ఆర్డర్లను ఎఫ్‌టీపీ ఫోల్డర్‌లో, అంటే నెట్ ద్వారా ఫైళ్లు ఇచ్చిపుచ్చుకునే చోట, పెట్టేవాడు. మా ప్రోగ్రాం పావుగంటకోసారి వెళ్లి తెచ్చుకునేది. ఒకరోజు ఫైలు అక్కడ ఇంకా ఎక్కుతుండగానే మాది తెచ్చేసింది. పన్నెండు ఐటెమ్‌లలో ఏడే వచ్చాయి. ఈడీఐ ఫైళ్లు రాసే ఒక పద్ధతి ఎక్స్12. ఆ పద్ధతిలో రాసిన ఆర్డరు చివర ఎస్‌ఈ అనే సెగ్మెంటు, అంటే ఒక వరుస, ఉంటుంది, మొత్తం ఎన్ని సెగ్మెంట్లో అందులో లెక్క ఉంటుంది. ఆ లెక్క సరిచూసే ఏర్పాటు నేను ప్రోగ్రాంలో పెట్టలేదు. కంటైనరు తక్కువ సరుకుతో వెళ్లిపోయింది. ముందు మాట పడింది ప్యాకింగ్‌లో నిలబడ్డ ఆడవాళ్లు. తప్పు నాది.

అప్పట్నుంచి ఏ కనెక్షన్ గురించైనా రెండే అడుగుతున్నాను. ఫైలు పూర్తిగా అందిందని రసీదు ఎవరిస్తారు? మన దగ్గర కరెంటో నెట్టో పోతే ఆ ఫైలు ఎవరి దగ్గర ఉంటుంది?

మామూలు ఎఫ్‌టీపీలో పాస్‌వర్డ్ కూడా దాపరికం లేకుండా వెళ్తుంది. దాన్ని వదిలేయండి. ఫైళ్లు పంపే ఇంకో దారి ఎస్‌ఎఫ్‌టీపీ. అందులో అంతా ఎన్‌క్రిప్ట్ అవుతుంది, అంటే మధ్యలో ఎవరూ చదవలేని రూపంలో వెళ్తుంది, ఖర్చు తక్కువ. ఫోల్డరు బయ్యరు సర్వర్‌లో ఉంటే మనకు నెట్ పోయినా ఫైలు అక్కడే ఉంటుంది. రసీదు మాత్రం దానంతట అది రాదు. అందుకని ఫైలును తాత్కాలిక పేరుతో ఎక్కించి, పూర్తయ్యాకే అసలు పేరు పెట్టమని బయ్యరుతో ముందే మాట్లాడుకోండి.

ఏఎస్2 అంటే బయ్యరు సర్వరు ఫైలును నేరుగా మన సర్వరుకు పంపే పద్ధతి, వెబ్‌సైట్లు వాడే హెచ్‌టీటీపీ మీదే నడుస్తుంది. దాని ప్రమాణం, ఆర్‌ఎఫ్‌సీ 4130, 2005లో వచ్చింది. అంతకుముందే 2002లో వాల్‌మార్ట్ తన సప్లయర్లను ఏఎస్2 వాడమనడంతో అది బాగా పాకింది. అందులో నాకు నచ్చేది ఎండీఎన్ అనే రసీదు. సంతకంతో వచ్చే ఎండీఎన్‌లో అందిన ఫైలు తాలూకు హ్యాష్, అంటే ఫైలుకు వేలిముద్ర లాంటి గుర్తు, ఉంటుంది. పంపినవాడు తన దగ్గరున్న దానితో పోల్చుకుంటే ఫైలు మారకుండా చేరిందీ లేనిదీ తేలిపోతుంది. నా ఏడు ఐటెమ్‌ల ఆర్డరు ఈ దారిన వచ్చుంటే అక్కడే దొరికిపోయేది.

ఒక్క జాగ్రత్త. ఎండీఎన్ వచ్చిందంటే ఫైలు అందిందని మాత్రమే. ఫైలు రాత సరిగా ఉందని చెప్పేది 997 అనే ఎక్స్12 జవాబు ఫైలు. ఆర్డరుకు మనం ఒప్పుకున్నామని చెప్పేది 855 అనే ఇంకో ఫైలు. ఈ మూడూ ఒకటే అనుకుని గొడవలు పడ్డవాళ్లను చూశాను.

ఏఎస్2కి సర్వరు రాత్రీపగలూ తెరిచి ఉండాలి. అమెరికా తూర్పు తీరంలో ఎండాకాలం సాయంత్రం ఆరింటికి పంపిన ఆర్డరు మనకు తెల్లవారుజామున మూడున్నరకు వస్తుంది. సర్వరుకు గుర్తింపు కార్డు లాంటి డిజిటల్ సర్టిఫికెట్ గడువు తీరినా సంతకాలు, ఎన్‌క్రిప్షన్ దగ్గర పని ఆగిపోవచ్చు. ఇక మన తీరం సంగతి మీకు చెప్పక్కర్లేదు. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటకముందే నెల్లూరు తడిసి ముద్దైంది. అలాంటి రోజున ఆఫీసు మూలలో పెట్టిన సర్వరు పలకదు. పంపేవాడి సాఫ్ట్‌వేరు కొన్నిసార్లు ప్రయత్నించి ఊరుకుంటుంది.

వ్యాన్, అంటే మధ్యలో ఉండి ఈడీఐ ఫైళ్లు చేరవేసే నెట్‌వర్క్ అయితే పోస్టాఫీసు లాంటిది, మనం వచ్చి తీసుకునేదాకా మెయిల్‌బాక్స్‌లో ఉంచుతుంది. సాధారణంగా వెయ్యి అక్షరాలకు ఇంత అని చార్జీ వేస్తారు, ఆర్డర్లు పెరిగేకొద్దీ బిల్లు బరువెక్కుతుంది.

కాబట్టి రోజూ ఆర్డర్లు వచ్చే రొయ్యల ప్లాంటుకు నేను చెప్పేది ఏఎస్2నే. దాన్ని ఆఫీసులో పెట్టకండి, క్లౌడ్‌లో అద్దెకు తీసుకోండి. నెలకు రెండు మూడు ఆర్డర్లు వచ్చే గ్రానైట్ యూనిట్‌కు ఇదంతా అవసరం లేదు. బయ్యరు పోర్టల్ ఇస్తే అందులో చేత్తో టైపు చేసుకోవచ్చు.

ఒప్పందం మీద సంతకం పెట్టే ముందు ఒక పరీక్ష చేయండి. ఆఫీసులో నెట్ వైరు పీకేసి, బయ్యరును ఒక టెస్ట్ ఆర్డరు పంపమనండి. గంట తర్వాత వైరు పెట్టండి. ఆర్డరు మొత్తం వచ్చిందా, బయ్యరుకు రసీదు చేరిందా, రెండూ ఫోన్ చేసి కనుక్కోండి. ఆ గంటసేపు పక్కన ఎవరైనా ఉంటే బాగుండనిపిస్తే కబురు పెట్టండి, నేనొస్తాను.