కట్ అయిందంటారు, పడలేదంటారు
(విశాఖ రైతుబజార్ల చిరు వ్యాపారుల కోసం ప్రసంగ పాఠం)

అమ్మలకూ అయ్యలకూ నమస్కారం.

యూపీఐ 2016 ఏప్రిల్‌లో వచ్చింది. అదే ఏడాది నవంబరు 8 రాత్రి పెద్దనోట్లు రద్దయ్యాయి. ఇవాళ పూర్ణామార్కెట్లో కొత్తిమీర కట్టకు కూడా ఫోన్‌పే కొడుతున్నారు. చిల్లర గొడవ తగ్గింది, చాలా మంచి మార్పు. ఇప్పుడున్న గొడవ వేరు. కొన్నవారు ‘కట్ అయిందమ్మా’ అంటారు, మీరు ‘పడలేదు బాబూ’ అంటారు. చాలాసార్లు ఇద్దరి మాటా నిజమే.

డబ్బు ముందు వాళ్ల ఖాతాలో తగ్గుతుంది. తర్వాత యూపీఐని నడిపే సంస్థ ఎన్‌పీసీఐ మీదుగా మీ బ్యాంకుకు కబురు అందాలి, అప్పుడు మీ ఖాతాలో కలవాలి. మధ్యలో ఏ సర్వర్ పలక్కపోయినా ‘పెండింగ్’ అని ఆగిపోతుంది. అలాంటప్పుడు కంగారుపడి రెండోసారి కొట్టించకండి, రెండూ పడితే వెనక్కివ్వడం మరో తంటా. ఆ చెల్లింపుకు గుర్తుగా కొన్నవారి ఫోన్లో కనిపించే 12 అంకెల యూటీఆర్ నంబరు రాసుకోండి. దుకాణం స్కానర్‌కు కొట్టిన సొమ్ము చేరకపోతే, ఆ రోజు కాక 5 రోజుల్లో కొన్నవారి ఖాతాలో తిరిగి వేయాలని 2019లో రిజర్వు బ్యాంకు నియమం పెట్టింది. గడువు దాటితే రోజుకు 100 రూపాయల పరిహారం, అడక్కపోయినా ఇవ్వాలి. మీ సొంత నంబరుకు పంపించుకున్నదైతే ఆ గడువు ఒక్కరోజే.

డబ్బు పడిందని పైకి చెప్పే సౌండ్ బాక్సులో వేరే సిమ్ ఉంటుంది. రేకుల షెడ్డు కింద సిగ్నల్ అందకపోయినా, ఛార్జింగ్ అయిపోయినా అది మూగబోతుంది. మోసగాళ్లు కాచుకుని ఉండేది ఆ క్షణం కోసమే. స్క్రీన్‌షాట్ నమ్మొద్దు, ‘పేమెంట్ సక్సెస్’ అని చూపించే దొంగ యాప్‌లున్నాయి. మెసేజ్ కూడా నకిలీది పంపగలరు. మీ ఫోన్లో, మీ యాప్ తెరిచి, జాబితాలో సొమ్ము కనిపిస్తేనే పడినట్టు. పొద్దున్నే స్కానర్ మీద ఇంకో కాగితం అంటించారేమో గోటితో గీకి చూడండి. డబ్బు తీసుకోవడానికి పిన్ ఎప్పుడూ అక్కర్లేదు. పిన్ కొట్టమన్నారంటే మీ ఖాతా ఖాళీ చేయబోతున్నారన్నమాటే. డబ్బు పోయిందని తెలిసిన వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, బ్యాంకుకూ చెప్పండి. ఆలస్యమైతే ఆ సొమ్ము చేతులు మారిపోతుంది.

మీరు టీకీ, ఆటోకీ ఇచ్చే చిన్న మొత్తాలకు యూపీఐ లైట్ పెట్టుకోండి, అంటే ఖాతాలోంచి కొంత సొమ్ము ముందే యాప్‌లో వేసుకుని వాడుకోవడం. పిన్ అక్కర్లేదు, పాస్‌బుక్ నిండా పదీ ఇరవై పద్దులు పేరుకోవు. ఫోన్ పోతే మాత్రం ఆ కాస్త సొమ్ముకు రక్షణ తక్కువ, అందుకే కొంచెమే వేసుకోండి.

ఒక్కటి మాత్రం మరవకండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు ఈ ఊళ్లో కరెంటూ పోయింది, సెల్ టవర్లూ పోయాయి. అలాంటి రోజున ఖాతాలో లక్ష ఉన్నా పాల ప్యాకెట్ రాదు. తుఫాన్లు వచ్చే అక్టోబరు, నవంబరు నెలల్లో వారం ఇంటి ఖర్చుకు సరిపడా నగదు ఇంట్లో ఉంచండి. 500 నోట్లు కాదు, చిల్లర ఇచ్చేవాళ్లుండరు. పదులూ యాభైలూ వందలే ఉంచండి, తడవకుండా ప్లాస్టిక్ కవర్లో చుట్టి.