అద్దంలోంచి దూకిన నీడ

సభకు నమస్కారం. వీడియో గేముల్లో పురాణాలు ఎక్కడ కనిపిస్తాయని అడిగితే మనలో చాలామంది వెంటనే దేవతల పేర్లు, రాక్షసుల రూపాలు, మహిమగల కత్తులు గుర్తు చేసుకుంటారు. అవి బొమ్మలు గీసేవారి పని. దేవుడి బొమ్మ తీసి మరో బొమ్మ పెట్టినా ఆట మారకపోతే, ఆ ప్రతీక ఆటకు తొడిగిన చొక్కా మాత్రమే. నేను మాట్లాడదలచుకున్నది ఆట నియమాల్లోకి దిగిన ప్రతీకల గురించి, అందులోనూ ఎక్కువగా నీడ గురించి.

మనుషులందరి మనసుల అడుగున కొన్ని ఉమ్మడి మూసలు ఉంటాయనీ, కలల్లోనూ పురాణాల్లోనూ వీరుడిగా, తల్లిగా, జ్ఞానవృద్ధుడిగా, మాయావిగా రూపుకట్టేవి అవేననీ స్విస్ మనోవైద్యుడు కార్ల్ యుంగ్ (1875–1961) ప్రతిపాదించాడు. వాటినే ఆర్కిటైపులు, ఆదిరూపాలు అంటున్నాం. ఈ సిద్ధాంతానికి ప్రయోగాల అండ తక్కువన్న విమర్శ ఉంది, అది కొట్టిపారేయదగ్గదీ కాదు. అయినా కథలల్లేవారికి అది మంచి పనిముట్లనే ఇచ్చింది. వాటిలో నీడ అంటే, మనిషి తనది కాదనుకుని వెలివేసిన తన భాగం.

1987లో వచ్చిన రెండో జెల్డా గేములో కథానాయకుడు లింక్ చివరగా తలపడేది తన నీడతోనే. కానీ అక్కడ నీడ ఓడించవలసిన శత్రువు, అంతే. గది ఎడమ మూలన వంగి కూర్చుని కత్తి పొడుస్తూ ఉంటే చాలని ఆటగాళ్లు కనిపెట్టాక, ఆ మహాప్రతీక కాస్తా ఒక చిట్కాగా మిగిలింది.

రెండేళ్ల తర్వాత జోర్డాన్ మెక్‌నర్ తాను రూపొందించిన ప్రిన్స్ ఆఫ్ పర్షియా గేములో చేసింది వేరు. యాపిల్ టూ కంప్యూటర్ మెమరీలో మరో పాత్రకు చోటు లేకపోవడంతో, రాకుమారుడి బొమ్మలనే కొద్దిగా మార్చి అతని నీడను పుట్టించాడు. నాలుగో దశలో దారికి అద్దం అడ్డం వస్తుంది. దానిలోంచి దూకితే రాకుమారుడికి ఒక్క ప్రాణబిందువే మిగులుతుంది, అటువైపు నుంచి నీడ దూకి పారిపోతుంది. తర్వాతి దశలో మనకు దక్కవలసిన మందు అది తాగేస్తుంది. పన్నెండో దశలో ఎదురుపడి కత్తి దూస్తుంది. మనం పొడిస్తే తగ్గేది మన ప్రాణమే! ఇక్కడ ఏ పాత్రా సలహా ఇవ్వదు. అంతవరకూ కత్తితోనే బతికిన ఆటగాడు ఆ కత్తిని ఒరలో పెట్టి, నీడలోకే నడిచివెళ్లాలి. ఇద్దరూ ఒకటయ్యాక, ఇంతకుముందు లోయగా ఉన్నచోట అడుగు వేసిన కొద్దీ నేల పుట్టుకొస్తుంది. యుంగ్ పేరెత్తకుండానే ఆటగాడి వేళ్లతో యుంగ్ చెప్పిన పని, అంటే వెలివేసిన నీడను తిరిగి తనలో కలుపుకోవడం, చేయించిన ఘట్టమిది.

2008 నాటి పర్సోనా 4 గేము యుంగ్ పదజాలాన్ని బాహాటంగానే వాడుకుంది. అందులో ఒక పాత్ర తన నీడతో ‘నువ్వు నేను కాదు’ అనగానే ఆ నీడ భీకరరూపం దాలుస్తుంది, ఒప్పుకోగానే అండగా నిలిచే శక్తి అవుతుంది. గొప్ప ఊహే. కాకపోతే ఆ ఒప్పుకోలు మనం చూసే దృశ్యంలో జరుగుతుంది, మనం ఆడే ఆటలో కాదు. నా దృష్టిలో అది చిన్న తేడా కాదు.

పురాణవీరుడి యాత్రలోని మరణ ఘట్టాన్ని 2012లో వచ్చిన జర్నీ అనే గేము ఒకే ఒక్క నియమంతో చెప్పింది. శిఖరం దగ్గరపడేకొద్దీ మంచుగాలికి యాత్రికుడి నడక మందగిస్తుంది, మెడలోని పొడవాటి ఉత్తరీయం తరిగిపోతుంది. చివరికి మన బొటనవేలు మీటను ముందుకే నొక్కి ఉంటుంది, అడుగు మాత్రం పడదు.