లంక బడి ఉండాలా, ఏరు దాటాలా? – స్టూడియో చర్చ

కోనసీమలో, గోదావరి పాయల మధ్య ఉన్న ఓ లంక గ్రామంలోని చిన్న ప్రభుత్వ హైస్కూల్‌ని ఏటి అవతలి పెద్ద బడిలో కలపాలన్న ప్రతిపాదన మీద జరిగిన చర్చ ఇది. చదువు మానేసిన పిల్లల్ని మళ్ళీ కూర్చోబెట్టి, 9, 10 తరగతులకి చాలా పాఠాలు కలిపే చెప్పి, అవసరమైతే ఓపెన్ స్కూల్‌లో పది పరీక్ష రాయించే బడి అది. అడ్డుమాటలతో సహా ఉన్నదున్నట్టు ఇస్తున్నాం. ఇందులో ఆ ఊరి పిల్లల తల్లి ఒకామె మాట్లాడింది తక్కువే. ఆగి చదవాల్సింది మాత్రం ఆ మాటలే.

యాంకర్: సూటిగా అడుగుతాను. ఊళ్ళో బడి ఉంది, గదులున్నాయి. పిల్లలు మాత్రం ఏటేటా తగ్గుతున్నారు. ఇంగ్లీష్ మీడియం సరిగ్గా నడవకపోవడం వల్లేనా?

మాజీ విద్యాధికారి: మీడియం కాదండీ సమస్య. హైస్కూల్ అంటే సబ్జెక్టుకో టీచర్ కావాలి. గుప్పెడు మంది పిల్లలున్నచోట అన్ని పోస్టులూ ఇవ్వలేం. పెద్ద బడిలో ల్యాబ్ ఉంటుంది, గ్రౌండ్ ఉంటుంది, పోటీ ఉంటుంది. పిల్లల మంచి కోసమే...

విశ్రాంత హెడ్మాస్టర్: ఎక్కడుందండీ ఆ పెద్ద బడి? ఏటికి అవతల! ఆఫీసులో మ్యాపు మీద స్కేలు పెట్టి కొలిస్తే దగ్గరే. మధ్యలో గోదావరి వశిష్ట పాయ ఉందని ఎవరు చూస్తారు?

మాజీ విద్యాధికారి: నన్ను పూర్తి చెయ్యనివ్వండి.

హెడ్మాస్టర్: ఇక్కడే కోనసీమలో గంటిపెదపూడి సంగతి తీసుకోండి. వేసవిలో మట్టి గట్టు వేసుకోవడం, జూలైలో ఎర్రనీళ్ళు, అంటే కొత్త వరదనీళ్ళు, రాగానే అది కొట్టుకుపోవడం, ఏళ్ళ తరబడి చూశాం. బూరుగులంక, ఉడిమూడిలంక, పెదపూడిలంక, అరిగెలవారిపేట... నాలుగు ఊళ్ళ జనమూ పడవల మీదే. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర గోదావరి 11.75 అడుగులకి చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు. ఈ దారులు అంతకు ఎంతో ముందే పోతాయి. అధికారికంగా వరదే రాదు, పిల్లలకి మాత్రం దారుండదు!

యాంకర్: అర్థమైంది. కానీ మాస్టారూ, ఇంగ్లీష్ మీడియం...

హెడ్మాస్టర్: ఒక్క నిమిషం. 2018 జూలై గుర్తుందా? ఐ.పోలవరం మండలం పశువుల్లంక దగ్గర, గౌతమి పాయలో, కడుతున్న వంతెన పిల్లర్‌కి పడవ కొట్టుకుని బోల్తా పడింది. బడి నుంచి ఇళ్ళకొస్తున్న ఆడపిల్లలు గల్లంతయ్యారు. అది తెలిసి కూడా ఇంకో ఊరి పిల్లల్ని పడవెక్కిద్దామంటారా?

మాజీ విద్యాధికారి: లైఫ్ జాకెట్లు ఇవ్వొచ్చు, రవాణా భత్యం ఇవ్వొచ్చు...

హెడ్మాస్టర్: భత్యం ఇస్తే గాలి ఆగుతుందా?

[ఇద్దరూ ఒకేసారి మాట్లాడారు]

యాంకర్: సంఘం తరఫున మీరు చెప్పండి. ఇంగ్లీష్ మీడియం కోసమే జనం ప్రైవేటుకి పోతున్నారా?

ఉపాధ్యాయ సంఘం ప్రతినిధి: అదొక్కటే కాదండీ. 2022లో జీవో 117 తెచ్చి 3, 4, 5 తరగతుల్ని హైస్కూళ్ళకి పంపారు. 2025లో ఆ జీవోనే రద్దు చేశారు. ఇలా విలీనాలు, మళ్ళీ విడదీయడాలు చూశాక తల్లిదండ్రులకి నమ్మకం పోదా?

యాంకర్: ఇంగ్లీష్ మీడియం కూడా అలాగే కదా! 2019లో దాన్ని తప్పనిసరి చేస్తూ జీవో 81, 2020 ఏప్రిల్‌లో హైకోర్టు కొట్టివేత...

హెడ్మాస్టర్: మీరు మళ్ళీ అక్కడికే వచ్చారు.

సంఘం ప్రతినిధి: పిల్లల చదువుకని ప్రభుత్వం తల్లులకిచ్చే 'తల్లికి వందనం' డబ్బు ప్రైవేటులో చదివినా వస్తుంది. కాన్వెంటు బస్సు గట్టు దాకా వస్తుంది...

హెడ్మాస్టర్: లంకే కోసుకుపోతోంది, బస్సు సంగతి తర్వాత! ఇసుక తవ్వి తవ్వి...

యాంకర్: ఇసుక మీద ఇంకో రోజు మాట్లాడదాం. అమ్మా, మీరు చెప్పండి.

తల్లి: ఆయ్. మా పెద్దది ఎనిమిది అయ్యాక మానేసిందండి. అప్పుడు మావూళ్ళో ఎనిమిది దాకానే ఉండేది. కొన్నాళ్ళు అవతలికి వెళ్ళింది. యూనిఫాం ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని పాత బట్టల్తో పడవెక్కేది. అవతలి రేవులో ఎవరింటికో వెళ్ళి మార్చుకునేది. ఏరు దాటించే పంటు దగ్గర మగపిల్లల మాటలు పడలేక మానేసింది. మా రెండోది ఊళ్ళోనే పది చదువుతోందండి. పొద్దున్నే పూలు కోసి, వాళ్ళ నాన్నకి ఇచ్చి వెళ్తుంది. లేటైతే మేష్టార్లు కేకలెయ్యరు.

హెడ్మాస్టర్: విన్నారా? ఇదీ బడంటే!

తల్లి: కానీ మేష్టారూ, సైన్సుకి ఏడాదిగా సారు లేరండి. అది కూడా నిజమే.

మాజీ విద్యాధికారి: చూశారా! నేను మొదట్నుంచీ చెబుతున్నది అదే. ఒకే గదిలో వేర్వేరు తరగతులు నడిపే పద్ధతి మదనపల్లె దగ్గర రిషి వ్యాలీ స్కూల్ వాళ్ళు బాగా చేశారు, కాదనను. కానీ అది ప్రాథమిక తరగతులకి. పదో తరగతి ఫిజిక్స్ అలా నడవదు.

హెడ్మాస్టర్: నడవకపోతే టీచర్ని పంపండి! అంతమంది పిల్లలు రోజూ ఏరు దాటడం ఏమిటి? ఒక్క టీచరు వారానికి మూడు రోజులు దాటితే సరిపోదా? చట్టంలో కూడా ఉందండీ. 2010 విద్యా హక్కు నిబంధనల్లో రాశారు. వరదలొచ్చే చోట, రోడ్లు లేనిచోట, పిల్లలు బడికి వెళ్ళే దారిలో ప్రమాదం ఉంటే దూరం పరిమితి తగ్గించి, ఆ ప్రమాదం లేకుండా బడి పెట్టాలి.

మాజీ విద్యాధికారి: ఆ చట్టం 14 ఏళ్ళ దాకా. ఎనిమిదో తరగతి వరకే.

హెడ్మాస్టర్: తొమ్మిదికి రాగానే ఏరు ఇంకిపోతుందా? ఆడపిల్లలు మానేసేది సరిగ్గా అక్కడే. ఇప్పుడే ఆ తల్లి చెప్పింది. చట్టం ఆగినచోట ప్రభుత్వం కూడా ఆగిపోవాలని రూలేమీ లేదే? నేను మళ్ళీ చెబుతున్నాను, టీచరు దాటాలి, పిల్లలు కాదు.

సంఘం ప్రతినిధి: టీచర్లకి కూడా భద్రత కావాలి మాస్టారూ. పడవలో...

హెడ్మాస్టర్: కావాలి! ఇవ్వమనండి! పెద్దవాళ్ళకే భయమైతే పన్నెండేళ్ళ పిల్లకి భయముండదా?

యాంకర్: వచ్చే టీచర్ ఇంగ్లీష్ మీడియంలో చెప్పగలరా అన్నది కూడా...

మాజీ విద్యాధికారి: డిప్యుటేషన్ మీద లంకకి ఎవరూ రారు. నా అనుభవంతో చెబుతున్నాను. ఆర్డరిస్తాం, చేరతారు, నెల తిరక్కుండా సిఫారసు లెటర్ తెచ్చుకుంటారు.

హెడ్మాస్టర్: అయితే ఆ సిఫారసులు ఆపండి. బడి మూయడమెందుకు?

మాజీ విద్యాధికారి: ఎవరు ఆపుతారండీ? మీరు సర్వీసులో ఉండగా ఆపగలిగారా?

హెడ్మాస్టర్: నా సర్వీసు సంగతి కాదు ఇక్కడ. ఆ బడిలో మళ్ళీ చేరిన పిల్లలున్నారు. అవతలి బడికి పంపితే వాళ్ళలో ఒక్కరూ రారు. రాసిస్తాను కావాలంటే!

యాంకర్: టైమైపోయింది. లంక పిల్లల్ని పడవెక్కించడం అన్యాయమని మాస్టారు గట్టిగా చెప్పారు, స్టూడియోలో చాలామంది ఒప్పుకున్నట్టే...

మాజీ విద్యాధికారి: నేను ఒప్పుకోలేదు. సైన్సు టీచర్ని ఎక్కణ్ణుంచి తెస్తారో ఎవరూ చెప్పలేదు.

హెడ్మాస్టర్: చెప్పాను కదండీ, ఇందాకే...

తల్లి: మాకు ఈ జూన్‌లో బడి తెరుస్తారో లేదో చెప్పండి చాలు.

యాంకర్: ఆ ప్రశ్న తప్పకుండా అధికారుల దృష్టికి తీసుకెళ్తామమ్మా. చిన్న బ్రేక్. తర్వాత ఇంగ్లీష్ మీడియం మీద మీ ఫోన్ కాల్స్ తీసుకుంటాం.