మాస్ ఎఫెక్ట్ తుపాకుల గొడవ: గేమ్ బాగుపడింది, లోర్‌కి (గేమ్ చెప్పే కథా ప్రపంచానికి) చిల్లు పడింది

మాస్ ఎఫెక్ట్ 2 అనే అంతరిక్ష వీడియో గేమ్ మొదలైన కాసేపటికే ఒక డైలాగ్ వస్తుంది. అప్పటి హడావిడిలో చాలామంది పట్టించుకోరు. మనం ఆడే పాత్ర షెపర్డ్ ఆపరేషన్ బల్ల మీద కళ్లు తెరుస్తుంది. నేనెప్పుడూ ఆడ షెపర్డ్‌తోనే ఆడతాను, అందుకే 'ఆమె' అంటున్నా. బయట తుపాకుల మోత, అలారంలు. స్పీకర్‌లోంచి మిరాండా అనే ఆవిడ గొంతు వినిపిస్తుంది, అక్కడ లాకర్‌లో ఆర్మర్, పిస్టల్ ఉన్నాయి తీసుకో అని. షెపర్డ్ పిస్టల్ చేతికి తీసుకుని, దీంట్లో థర్మల్ క్లిప్ లేదేంటి అంటుంది.

ఇక్కడ పాజ్ కొడుతున్నా. ఆమె చనిపోయింది 2183లో. లేచింది 2185లో. ఆ రెండేళ్లూ ఆమె శవమే. తుపాకుల్లోకి థర్మల్ క్లిప్‌లు, అంటే వేడిని పీల్చుకున్నాక ఊడదీసి పారేసే ముక్కలు, వచ్చిందేమో సరిగ్గా ఆ రెండేళ్లలోనే. మొదటి భాగంలో ఆ మాటే ఎక్కడా వినపడదు. మరి ఈవిడకెవరు చెప్పారండీ?

నమస్తే అందరికీ. ఇవాళ మాట్లాడబోయేది మాస్ ఎఫెక్ట్ సిరీస్‌లోని తుపాకుల గురించి మాత్రమే. రొమాన్స్‌ల జోలికి పోను, మూడో భాగం ముగింపు మీద పాత గొడవ మళ్లీ తవ్వను. స్పాయిలర్లు మాత్రం ఉంటాయి. ఇంకా ఆడనివాళ్లు ఈ వీడియో సేవ్ చేసుకుని తర్వాత చూడండి.

ముందు 2007 నవంబర్‌కి వెళ్దాం. బయోవేర్ వాళ్ల మొదటి మాస్ ఎఫెక్ట్ ఎక్స్‌బాక్స్ 360లో వచ్చింది. ఆ ప్రపంచమంతా ఒకే ఒక్క ఊహ మీద నిలబడింది: ఎలిమెంట్ జీరో అనే పదార్థం. దానిలోంచి కరెంటు పంపితే దాని ప్రభావంలో ఉన్న వస్తువుల ద్రవ్యరాశి పెరుగుతుంది, లేదా తగ్గుతుంది. ఓడలు కాంతి కన్నా వేగంగా పోయేది దానితోనే. బయోటిక్స్ అనే శక్తులు మనుషుల్ని గాల్లోకి లేపేది దానితోనే. బుల్లెట్లను ఆపే షీల్డులూ అదే. తుపాకులూ అదే.

తుపాకీ లోపల మ్యాగజైన్ ఉండదు, ఒక లోహపు దిమ్మ ఉంటుంది. ట్రిగ్గర్ నొక్కినప్పుడల్లా ఆ దిమ్మ నుంచి ఇసుక రేణువంత ముక్కను గీకి తీసి, దాని ద్రవ్యరాశి తగ్గించి, భయంకరమైన వేగంతో బయటికి వదులుతుంది. ఒక్క దిమ్మలో వేల రౌండ్లు వస్తాయి కాబట్టి మిషన్ మధ్యలో తూటాలు అయిపోవడమనేదే ఉండదు. మరి హద్దు ఎక్కడుంది? వేడి దగ్గర. వరసగా కాల్చుకుంటూ పోతే తుపాకీ కాగిపోతుంది, చల్లారేదాకా మొండికేస్తుంది. అంతే.

ఈ ఊహను ఎంత సీరియస్‌గా తీసుకున్నారో చూడాలంటే రెండో భాగంలో సిటడెల్ అనే అంతరిక్ష కేంద్రానికి వెళ్లినప్పుడు అక్కడ ఇద్దరు కుర్ర సైనికులకు క్లాసు పీకే సార్జెంట్‌ మాటలు వినండి. డ్రెడ్‌నాట్ ఓడ పెద్ద తుపాకీ 20 కిలోల ముక్కను కాంతి వేగంలో 1.3 శాతానికి తీసుకెళ్లి వదులుతుందని, దెబ్బ 38 కిలోటన్నులని చెప్తాడు. నేను కాలిక్యులేటర్ తీసి కొట్టి చూశా. సగం ఎమ్‌వీ స్క్వేర్ వేస్తే 36 చిల్లర వస్తుంది. ఒక గేమ్‌లో ఊరికే అలా నడిచిపోతుంటే వినపడే డైలాగ్‌కి ఇంత లెక్క సరిపోయిందంటే రాసినవాళ్లకి దండం పెట్టాలి.

సరే, ఆడేటప్పుడు ఇది ఎలా ఉంటుంది? చేతిలో హానే-కెడార్ వాళ్ల లాన్సర్ రైఫిల్. వేలు తీయకుండా కాలిస్తే పక్కన బార్ ఎర్రగా నిండిపోతుంది, బీప్ మోత మొదలవుతుంది, తుపాకీ లాక్. ఇక ఆ కొన్ని సెకన్లు మీరు చేయగలిగింది ఏమీ లేదు. సరిగ్గా అప్పుడే క్రోగన్ జాతి యోధుడొకడు మీ మీదికి పరిగెత్తుకుంటూ వస్తాడు. అందుకని నాలుగు రౌండ్లు, చిన్న గ్యాప్, మళ్లీ నాలుగు, అలా ఒక లయ అలవాటవుతుంది. వేరే ఏ షూటర్‌లోనూ నాకు ఆ లయ తగల్లేదు. శత్రువుల తుపాకులకీ ఇదే రూలు. సాబటాజ్ అని ఒక పవర్ ఉంటుంది, అది వేస్తే అవతలివాడి తుపాకీ ఒక్కసారిగా కాగిపోయి వాడి చేతిలో పనికిరాని ఇనుప ముక్కలా మిగులుతుంది. కోడెక్స్‌లో, అంటే గేమ్‌లోనే ఉండే సమాచార పుస్తకంలో, చదివిందీ, వేలి కింద జరిగేదీ ఒక్కటే అన్నమాట.

ఇంతవరకు చూస్తే నేను మొదటి భాగాన్ని ఆకాశానికెత్తేస్తున్నట్టుంది. లేదండీ, ఆ గేమ్‌లో తుపాకీ కాల్చడం అంత సరదా పనేం కాదు. లాన్సర్ ఒకటో నంబర్ నుంచి పదో నంబర్ దాకా ఉంటుంది, పదీ ఒకేలా ఉంటాయి, ఒకేలా పేలతాయి, అంకెలు మాత్రం మారతాయి. బ్యాగులో 150 వస్తువుల దాకా పడతాయి. నిండిపోయాక ఒక్కోదాన్నీ ఓమ్నీ-జెల్‌గా కరిగించుకుంటూ కూర్చోవాలి. అన్నిటికన్నా ముఖ్యం, ఆ వేడి రూలును చివరికి ఆ గేమే చంపేసింది. స్పెక్టర్ తుపాకీ కొని, అందులో ఫ్రిక్షన్‌లెస్ మెటీరియల్స్ అనే మాడ్ (తుపాకీకి తగిలించే అదనపు భాగం) రెండు బిగిస్తే వేడి అనే మాటే ఉండదు. గేమ్ అయ్యేదాకా ట్రిగ్గర్ మీద వేలు పెట్టి నిద్రపోవచ్చు.

కాబట్టి 2010 జనవరిలో రెండో భాగం వచ్చేసరికి మార్పు రావాల్సిందే, అందులో నాకు పేచీ లేదు. ఆ గేమ్‌ప్లే టీమ్‌ను నడిపిన క్రిస్టినా నార్మన్ ఆ ఏడాది జీడీసీ అనే గేమ్ డెవలపర్ల సదస్సులో చేసిన ప్రసంగం పేరే 'నా ఇన్వెంటరీ ఎటు పోయింది' అని. ఆ టీమ్ అంత తెగించి కోసేసింది. బ్యాగు పోయింది, పది నంబర్లు పోయాయి. వాటి బదులు ఒక్కో తుపాకీకి ఒక్కో స్వభావం ఇచ్చారు. విండికేటర్ మూడేసి రౌండ్లు టకటకా కొడుతుంది. డీఎల్‌సీలో, అంటే గేమ్‌కి తర్వాత జోడించే అదనపు భాగంలో, వచ్చిన మ్యాటక్ ఒక్కో నొక్కుకి ఒక్కో రౌండ్, మీ వేలెంత వేగంగా ఆడితే అంత. విడో స్నైపర్ ఒక్క గుండుకే రీలోడ్ అడుగుతుంది, ఆ ఒక్క గుండు తగిలినవాడు మళ్లీ లేవడు. తుపాకీ మారిస్తే ఆట మారుతుంది. ఈ విషయంలో రెండో భాగానికి మొదటిది దరిదాపుల్లో కూడా లేదు.

వేడి బార్ తీసేసి, ఆ స్థానంలో క్లిప్‌లు పెట్టారు. కారణం సింపుల్. ఆటగాడు కదలాలి, కవర్ వెనకాల కూర్చుని బార్ చల్లారడం చూస్తూ ఉండకూడదు. క్లిప్‌లు శత్రువులున్న వైపు పడుంటాయి కాబట్టి మనం ముందుకెళ్లక తప్పదు.

ఇక కోడెక్స్‌లో చెప్పిన కారణం వినండి. షీల్డులున్న కాలంలో ఎవడు తక్కువ టైమ్‌లో ఎక్కువ రౌండ్లు వదిలితే వాడే గెలుస్తున్నాడు. తుపాకీ చల్లారేదాకా ఆగడం నష్టం. అందుకే వేడిని పీల్చుకునే భాగాన్ని ఊడదీసి పారేసేలా చేశారు. ముందు గెత్‌లు మొదలుపెట్టాయి, వాటి చేతిలో దెబ్బలు తిని మిగతా జాతులూ అదే దారి పట్టాయి. తర్ఫీదు ఉన్న సైనికుడు సెకను లోపు క్లిప్ మార్చేస్తాడు.

నిజం చెప్పాలంటే ఈ కారణం బాగుంది. చాలా బాగుంది. గెత్‌లు యంత్రాలు, వాటికి తర్ఫీదు అక్కర్లేదు, కాబట్టి వాటికే ముందు తట్టడం కూడా నమ్మేలాగే ఉంది. ఇక్కడితో ఆగి ఉంటే నేను ఈ వీడియోనే చేసేవాణ్ని కాదు.

నా ప్రశ్న ఒక్కటే. క్లిప్‌లు అయిపోయాయి అనుకుందాం. తుపాకీలో కాగిన క్లిప్ అలాగే ఉంది. అది ఎందుకు చల్లారదు? పొయ్యి మీంచి దించిన గిన్నె కాసేపటికి తనంతట తానే చల్లారుతుంది కదా. రెండేళ్ల కింద ఇవే కంపెనీల తుపాకులు నాలుగైదు సెకన్లలో చల్లారేవి. ఇప్పుడు గంటసేపు పక్కన పెట్టినా సున్నా దగ్గరే ఉంటుంది. లోపల లోహపు దిమ్మ అలాగే ఉంది, వేల రౌండ్లు ఉన్నాయి, కాల్చడానికి మాత్రం వీల్లేదు. వేగంగా కాల్చడం కోసం తెచ్చిన టెక్నాలజీ, అసలు కాల్చకుండా చేసింది.

ఇంకో తమాషా చూడండి. అదే రెండో భాగంలో ఓవర్‌లోడ్ పవర్ వివరణ చదివితే, మనుషుల్లాంటి శత్రువుల మీద వేస్తే వాళ్ల తుపాకులు ఓవర్‌హీట్ అవుతాయని ఉంటుంది. వాళ్ల తుపాకులు ఓవర్‌హీట్ అయ్యి, కాసేపటికి చల్లారి, మళ్లీ పనిచేస్తాయి! క్లిప్‌ల కోసం వాళ్లు నేల వెతుక్కోవడం నేనెప్పుడూ చూడలేదు. ఆ ఖర్మ మనకొక్కళ్లకే.

క్లిప్‌లు అన్ని తుపాకులకీ సరిపోతాయి అన్నారు. మరి స్నైపర్‌కి సున్నా చూపిస్తూ పిస్టల్‌కి ముప్పై ఎలా మిగుల్తాయి? పిస్టల్ క్లిప్ తీసి స్నైపర్‌లో పెట్టుకోవచ్చు కదా. దీన్ని నేను పెద్దగా పట్టించుకోను, ఏ గేమ్‌కైనా ఇలాంటి చిన్న అబద్ధాలు తప్పవు.

ఏయియా గ్రహాన్ని మాత్రం వదిలిపెట్టలేను. మన జట్టులోని జేకబ్ నమ్మకం గెలుచుకునే లాయల్టీ మిషన్ అది. వాళ్ల నాన్న ఉన్న హ్యూగో గెర్న్స్‌బ్యాక్ ఓడ అక్కడ కూలి పదేళ్లు. బయటి ప్రపంచంతో సంబంధం లేదు. తిండి తింటే మతులు పోయే గ్రహం, ఆదివాసుల్లా బతుకుతున్న సిబ్బంది, సిరీస్ మొత్తంలో ఒళ్లు జలదరించే కథల్లో ఒకటి. మీరు బీచ్‌లో దిగుతారు, ఓడ శకలాల మధ్య నడుస్తారు, కాల్పులు మొదలవుతాయి, చూస్తే చుట్టూ తళతళలాడుతూ థర్మల్ క్లిప్‌లు! పదేళ్ల కింద కూలిన ఓడ చుట్టూ, అప్పటికింకా పుట్టని వస్తువు. ఈ ఒక్క మిషన్‌లో పాత వేడి బార్ తిరిగి వచ్చి ఉంటే ఎలా ఉండేదో ఊహించుకోండి. అక్కడివాళ్ల దగ్గర దొరికేది పాత లాన్సర్, దాంతోనే నెట్టుకురావాలి. లోర్ నిలబడేది, మిషన్ ఇంకా గుర్తుండిపోయేది. శత్రువులైన కలెక్టర్ల ఓడలో నేల మీద క్లిప్‌లు దొరకడం కూడా ఇదే బాపతు. వాళ్ల ఆయుధాలే వేరు, మన సైజు క్లిప్‌లు వాళ్లకెందుకో.

ఆ రెండేళ్ల గడువు సంగతీ చూద్దాం. మన సైన్యంలో ఇన్సాస్ బదులు ఏకే-203 తేవాలని 2021 డిసెంబర్‌లో ఆరు లక్షల పైచిలుకు రైఫిళ్లకు ఒప్పందం అయింది. ఒక్క దేశం, ఒక్క సైన్యం, దానికే ఏళ్లూపూళ్లూ పడుతోంది. ఇక్కడ గెలాక్సీ మొత్తం, ఒకరంటే ఒకరికి పడని జాతులు, కిరాయి ముఠాలు, ఒమేగాలో గల్లీ రౌడీలు, అందరూ రెండేళ్లలో పాత తుపాకులు పారేసి, ఒకే సైజు క్లిప్‌కి ఒప్పుకున్నారట. పాత తుపాకీ ఒక్కటి కూడా ఎవడి అటక మీదా మిగల్లేదా?

2012లో వచ్చిన మూడో భాగం దీన్ని సరిదిద్దలేదు గానీ, తప్పు తెలిసినట్టు ప్రవర్తించింది. షెపర్డ్ వీరాభిమాని కాన్రాడ్ వెర్నర్ ఉంటాడు కదా, అతని నోటే అడిగించారు, తుపాకులు వాటంతట అవే చల్లారే రోజుల నుంచి మళ్లీ క్లిప్‌లకి పోవడం వెనక్కి నడవడం కాదా అని. నవ్వొస్తుంది, నిజమే. కానీ జోకు వేసినంత మాత్రాన జవాబు చెప్పినట్టు కాదు. ఆ భాగంలో నాకు నచ్చింది బరువుల పద్ధతి. విడో బరువు 39 కిలోలని రెండో భాగంలో రాసి ఊరుకున్నారు. మూడోదాంట్లో దాన్ని మోస్తే మీ పవర్లు తిరిగి రావడానికి నిజంగానే ఎక్కువ టైమ్ పడుతుంది. రాసిన మాట వేలికి తగిలేలా చేయడమంటే ఇదీ. 2013 మార్చి సిటడెల్ డీఎల్‌సీలో ఎమ్-7 లాన్సర్ వచ్చింది, క్లిప్ అక్కర్లేదు, కాల్చి వదిలేస్తే తనే చల్లారుతుంది. తర్వాత వచ్చిన ఆండ్రోమెడా గేమ్‌లో వింటేజ్ హీట్ సింక్ అని ఒక ఆగ్మెంటేషన్ (తుపాకీ తయారుచేసేటప్పుడు కలిపేది), రెమ్నెంట్ తుపాకులకైతే పుట్టుకతోనే వేడి పద్ధతి. అంటే రెండు పద్ధతులూ ఒకే గేమ్‌లో హాయిగా ఇముడుతాయని వాళ్లే రుజువు చేశారు.

నా తీర్పు అడిగితే, క్లిప్‌లు ఉండనివ్వాల్సిందే. క్లిప్ ఉంటే సెకనులో మారుతుంది, లేకపోతే నింపాదిగా చల్లారుతుంది, అలా పెట్టి ఉంటే చాలు. గేమ్ వేగం తగ్గేది కాదు, కోడెక్స్‌లో ఒక్క అక్షరం మార్చాల్సిన పని ఉండేది కాదు, ఏయియాలో క్లిప్‌లు చల్లాల్సిన అవసరమూ పడేది కాదు.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు మూడు భాగాలూ కలిపి 2021లో వచ్చిన లెజెండరీ ఎడిషన్ తీసుకోండి. మొదటి భాగంలో తుపాకులు ఇప్పుడు త్వరగా చల్లారుతున్నాయి, ఏ క్లాసైనా ఏ తుపాకీ అయినా పెనాల్టీ లేకుండా వాడొచ్చు, పాత చిరాకు చాలావరకు పోయింది. ఫ్రిక్షన్‌లెస్ మాడ్ రెండు మాత్రం పెట్టకండి, వేడి రూలు మజా పోతుంది. మూడో భాగంలో సిటడెల్ డీఎల్‌సీ కూడా అందులోనే ఉంది, లాన్సర్ వదలొద్దు. తక్కువ బరువు, పవర్ల మీదే ఆధారపడే అడెప్ట్ క్లాస్‌తో ఆడేవాళ్లకి అంతకన్నా మంచి తోడు దొరకదు. ఏయియా బీచ్‌లో క్లిప్‌లు కనపడ్డప్పుడు మీ షెపర్డ్ ఏమందో కింద కామెంట్లో రాయండి. నా షెపర్డ్ ఏమీ అనకుండా ఏరుకుంది.