ట్యానరీ ఫ్లెషింగ్స్‌తో బయోడీజిల్: పనికొస్తుందా?

నమస్కారం అండీ. ఇవాళ్టి రివ్యూ, తోలు లోపలివైపు నుంచి గీకి పారేసే ఫ్లెషింగ్స్‌తో బయోడీజిల్ తీసే పద్ధతి మీద. తమిళనాడులోని ఆంబూరు, రాణిపేట ట్యానరీల్లో (తోలు శుద్ధిచేసే ఫ్యాక్టరీల్లో) ఈ చెత్త రోజూ వచ్చేదే.

ముందు ముడిసరుకు సంగతి. సున్నం పెట్టకముందు గీకింది పచ్చిది, సున్నం తొట్టి దాటాక గీకింది ఇంకోటి. నా ఓటు పచ్చిదానికే. సున్నం తగిలిన కొవ్వు కొంత కాల్షియం సబ్బుగా మారిపోతుంది. దాన్ని విడగొట్టాలంటే యాసిడ్ పోయాలి. వెంట్రుకలు తీయడానికి వాడిన సల్ఫైడ్ అందులో ఇంకా ఉంటుంది కాబట్టి యాసిడ్ తగలగానే హైడ్రోజన్ సల్ఫైడ్ లేస్తుంది. మూసిన షెడ్డులో అది ప్రాణాలు తీస్తుంది. కుళ్ళిన గుడ్డు వాసన ఆగిపోయిందంటే గ్యాస్ పోయిందనుకోకండి, మోతాదు పెరిగితే ముక్కే మొద్దుబారుతుంది.

పచ్చి ఫ్లెషింగ్స్‌ని ఉప్పు పోయేదాకా కడిగి, నీళ్లలో ఉడికిస్తే కొవ్వు పైకి తేలుతుంది. వడగట్టి 105 డిగ్రీల దగ్గర చిటపటలు ఆగేదాకా కాచాలి. చిటపటమంటోందంటే ఇంకా తడి ఉన్నట్టే.

ఎక్కువమంది బోల్తాపడేది దీని తర్వాత. నిల్వ ఉన్న కొవ్వు విరిగి, విడి ఫ్యాటీ యాసిడ్లు పెరిగిపోతాయి. టైట్రేషన్ చేయకుండా, అంటే యాసిడ్ ఎంతుందో కొలవకుండా, కొవ్వునీ మిథనాల్‌నీ కలిపి డీజిల్‌గా మార్చే పొటాషియం హైడ్రాక్సైడ్ అనే క్షారాన్ని నేరుగా పోస్తే... ఇదిగో, ఈ సీసా చూడండి. వంచినా జారట్లేదు, గడ్డపెరుగులా ఉంది. ఇది డీజిల్ కాదు, సబ్బు!

ఫ్యాటీ యాసిడ్లు 2 శాతం దాటితే, వాటిని ముందే డీజిల్‌గా మార్చే సల్ఫ్యూరిక్ యాసిడ్ దశ తప్పదు. 10 శాతం ఉన్న కిలో కొవ్వుకి సుమారు 220 గ్రాముల మిథనాల్, 10 గ్రాముల సల్ఫ్యూరిక్ యాసిడ్, 60 డిగ్రీల వేడి, గంటన్నర. పైన తేరిన మిథనాల్, నీళ్ల పొర తీసేసి మళ్ళీ టైట్రేట్ చేయండి. ఆ తర్వాతే రెండో దశ: 200 గ్రాముల మిథనాల్, 10 గ్రాముల పొటాషియం హైడ్రాక్సైడ్, మిగిలిన యాసిడ్‌కి తగ్గట్టు ఇంకొంచెం. మిథనాల్ 65 డిగ్రీలకే మరుగుతుంది, మంట దగ్గర పెట్టుకోకండి. తేరుకునేటప్పుడు వేడి 50 డిగ్రీల కంటే కిందికి పోనివ్వకండి, లేకపోతే డీజిల్‌తో పాటు వచ్చే గ్లిజరిన్ అడుగున గట్టిపడి వాల్వ్‌లోంచి రాదు.

మైనస్ ఏంటంటే, జంతు కొవ్వు డీజిల్ చలికి పేరుకుంటుంది, ఫిల్టర్ మూసుకుపోతుంది. అందుకే బండిలో కంటే ట్యానరీ బాయిలర్‌కే బాగా సరిపోతుంది.

క్రోమ్ షేవింగ్స్, అంటే క్రోమియంతో పదునుచేసిన తోలుని చెక్కితే రాలే పొట్టుని, మాత్రం దీంట్లో కలపకండి. కాలిస్తే క్రోమియం విషపూరితమైన ఆరో స్థితికి మారే ప్రమాదం ఉంది. కొవ్వు తీశాక మిగిలిన పిప్పిని బయోగ్యాస్ తొట్టిలో వేయొచ్చు, పేడతో కలిపి కొంచెం కొంచెంగా. ఒక్కసారే వేస్తే ప్రోటీన్ విరిగి అమ్మోనియా పెరుగుతుంది, గ్యాస్ ఆగిపోతుంది.